చలి యంత్రంలో చక్లీలు

చల్లబడింది.

మొన్న పొద్దున బెంగళూరు ల్యాబు నుంచి సుజాత ఫోన్ చేసి మొదట అన్న మాట ఇదే. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు స్టూలు వేసుకుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాను. ఒళ్లోని పళ్లెం కింద పెట్టకుండానే లేచాను, కాయలన్నీ రోడ్డు మీద పడ్డాయి.

లోపలి నుంచి మా నాయన, "ఎవురప్పా ఫోన్లో? ఏమంట?" అన్నాడు.

"చల్లబడింది నాయనా."

"ఏంది, కాపీనా?"

కాఫీ కాదు. భూమి చుట్టూ తిరుగుతున్న ఒక ఉపగ్రహంలో మేం చేసిన చలి యంత్రం ఉంది. దాన్ని ఆ రోజే మొదటిసారి ఆన్ చేశారు. వేడిని చూసే సెన్సారు ఒకటి దానికి అంటుకుని ఉంటుంది. అది నీళ్లు గడ్డకట్టే చలిని దాటి, ఇంకా కిందికి దిగి, సున్నాకు దాదాపు నూట తొంభై డిగ్రీల కింద నిలబడింది. నేను రిటైరయ్యేనాటికి ఆ యంత్రం బెంగళూరులో మా ల్యాబు బల్ల మీదే ఉండేది. ఇప్పుడు పైనుంది, పనిచేస్తోంది. ఈ మాట ఎమ్మిగనూరులో చాలామందికి చెప్పాను. పాలాయనకు రెండుసార్లు చెప్పినట్టున్నాను.

అయితే చల్లబడటం సగమే. యంత్రం వణికితే సెన్సారు వణుకుతుంది, సెన్సారు వణికితే బొమ్మ చెదురుతుంది. మొదటి బొమ్మ రావడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుందని సుజాత చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో సంతోషం సగమే ఉంది. ఎందుకంటే ఒకప్పుడు ఈ వణుకు పేరు చెప్పే ఆమె చేసిన పనంతా తీసి అవతల పెట్టబోయారు. ఆమె చేసింది సరైనదేనని తేల్చాల్సింది ఇక ఆ బొమ్మే.

అది వచ్చేదాకా నాకు కాలు నిలవదు. అందుకే ఇది రాస్తున్నాను. మొన్నామధ్య ఆదోనిలో ఒక కాలేజీ వాళ్లు పిలిస్తే పోయి, బొమ్మలు చూపించి గంటసేపు మాట్లాడాను. చివర్లో పెద్దకడుబూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, అదంతా సరే. రోజూ పొద్దన్నే పోయి ఏం చేస్తాండిరి?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ జవాబు చెప్పలేకపోయాను. ఇదే ఆ జవాబు.

పని ఏమిటంటే

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు లోపలికి ఎప్పుడైనా పోయారా? మిషన్లు తిరుగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అలాంటి చోట నిలబడి రోడ్డు అవతల ఎవరో గుసగుసలాడితే వినాలి. వేడిని చూసే సెన్సారు కష్టం అచ్చం ఇదే. నేల నుంచి, మబ్బుల నుంచి, సముద్రం నుంచి వచ్చే వేడి గుసగుసంత. సెన్సారు తానే వెచ్చగా ఉంటే దాని సొంత వేడి మిల్లులా మోగుతుంది. ముందు మిల్లు ఆపాలి. అంటే సెన్సారును బాగా చల్లబరచాలి.

కింద ల్యాబులో అయితే ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరుస్తాం. పైన అది కొన్నాళ్లకు ఆవిరైపోతుంది, మళ్లీ పోసేవాళ్లు ఉండరు. అందుకే యంత్రం. దాని లోపల హీలియం గ్యాసు ఉంటుంది. ఒక చోట గ్యాసును నొక్కుతాం, వేడెక్కుతుంది, ఆ వేడిని బయటికి పంపేస్తాం. ఇంకో చోట వదులుతాం, చల్లబడుతుంది. సెకనుకు కొన్ని పదుల సార్లు, ఏళ్ల తరబడి, నొక్కడం, వదలడం. చల్లదనం అని మేం చేసే సరుకేమీ లేదు. ఉన్న వేడిని ఒక మూల నుంచి ఎత్తి ఇంకో మూలకు మోస్తాం, అంతే.

కష్టం ఎక్కడంటే, నొక్కే ముషలకం, అంటే పిస్టన్, దాని గొట్టాన్ని తాకకూడదు. తాకితే అరుగుతుంది. నూనె వేయడానికి లేదు, ఆ చలికి గడ్డకడుతుంది. కాబట్టి రెండింటి మధ్య సందు వదులుతాం. తల వెంట్రుక మందంలో ఐదో వంతు కూడా ఉండదు ఆ సందు. ముషలకం ఆ సందులో దేన్నీ ఆనుకోకుండా వేలాడుతూ ముందుకూ వెనక్కూ ఆడాలి. దాన్ని వేలాడదీసేది పలచటి ఉక్కు బిళ్లలు. బిళ్ల మీద చుట్టలు చుట్టలుగా కోతలు ఉంటాయి. చూడటానికి అచ్చం చక్లీ, కోస్తా వాళ్ల చుట్టల జంతిక. బెంగళూరులోనూ చక్లీయే, మన ఆదోనిలోనూ చక్లీయే కాబట్టి ఆ పేరు పెట్టడానికి మాకు మీటింగు అక్కర్లేకపోయింది. మా చక్లీలు గీసింది సుజాత.

గ్యాసు

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. మా నాయన గుంట మగ్గం మీద నేసేవాడు, అమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. నేను రోజూ ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో పోయి ఇంటర్ చదివాను. పై చదువులకు పోయి, ఉద్యోగం వచ్చిన కొత్తల్లో ఇంటికొచ్చినప్పుడు, "నువ్వు ఆడ ఏం పని చేస్తావు రా?" అని నాయన అడిగాడు. నేను చదువుకున్నవాణ్ని కదా, హీలియం గ్యాసు గురించి చక్కగా వివరించాను.

నెల తిరక్కుండా మా వీధిలో నలుగురు గ్యాసు కనెక్షన్ కోసం నా దగ్గరికి వచ్చారు.

అట్లా కాదని ఇంకోసారి, "అది ఫ్రిజ్జు లాంటిదిలే" అన్నాను. ఆ మాట ఇంకా పెద్ద తప్పు. తర్వాతి సెలవులకు మా మేనమామ దేవనకొండ నుంచి ఆటోలో ఫ్రిజ్జు వేసుకుని వచ్చాడు.

"గ్యాసు పోయిందంట, నింపు" అన్నాడు.

"మామా, నేను ఫ్రిజ్జులు బాగు చెయ్యను."

"మరి పదారేండ్లు ఏం సదివినావు? ఆటోకు బాడుగ గూడా ఇచ్చినాను గదప్పా."

నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు, ముఖ్యంగా ఇంట్లో మొదటి చదువు మీదే అయితే, ఇది పనికొచ్చే మాట. మీరు చేసే పని మీ అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పడం నేర్చుకోండి. నాకు అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. జిన్నింగు మిల్లు పోలిక తట్టాకే మా నాయన తలూపాడు. ఆ పోలిక దొరికాక మీటింగుల్లో పెద్దవాళ్లకు కూడా అదే చెప్పాను. వాళ్లకూ అప్పుడే అర్థమైనట్టు అనిపించింది.

నాయన నేసిన గుడ్డ

ఒకసారి నాయన బెంగళూరు వచ్చాడు. ల్యాబులో భాగాలు తుడవడానికి బయటి దేశం నుంచి ప్రత్యేకమైన గుడ్డలు తెప్పిస్తామని మాటల్లో అన్నాను. 

"గుడ్డ," అన్నాడు నాయన. "ఎమ్మిగనూరోడు గుడ్డ కొంటాండాడు."

ఊరికి పోయి, సన్న నూలుతో మెత్తటి గుడ్డలు నేసి, రెండు ఉతుకులు ఉతికి, మూట కట్టి పంపాడు. మా ల్యాబులో అందరికీ నచ్చాయి. నాకైతే చెప్పలేనంత గొప్పగా ఉంది. యంత్రాలు బిగించే, దుమ్ము చొరని శుభ్రం గది లోపలికి వాటిని రానివ్వలేదు, బయటి గదిలో డబ్బాలూ పెట్టెలూ తుడవడానికే వాడాం. సరిపోతుందనుకున్నాం.

కొన్నాళ్లకు ఒక యంత్రం మూలగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే ముషలకం పక్కన ఒక గీత, గీత చివర ఒక నూగు పోగు. దూది పోగు మేం వదిలిన సందు కంటే లావు. డబ్బాల మీద అంటుకుని, డబ్బాలతో పాటు లోపలికి వచ్చింది.

మా పెద్దాయన పేరు శ్రీపాదరావు గారు. చలి యంత్రాల విభాగం మొత్తానికి ఆయనే. సూక్ష్మదర్శిని కింద పోగును చూసి, "ఇది ఎవరు తెచ్చారు?" అనకుండా, "ఇది ఎట్లా వచ్చింది?" అన్నారు. ఈ రెండు ప్రశ్నలకు తేడా గుర్తుపెట్టుకోండి. మొదటిది అడిగే పెద్దల దగ్గర నిజం ఆలస్యంగా తెలుస్తుంది. రెండోది అడిగారు కాబట్టి అక్కడికక్కడే చెప్పేశాను, "మా నాయన గుడ్డ సార్." ఆయన ఆ గుడ్డను చేత్తో పట్టుకుని చూశారు. "మంచి గుడ్డ. ఇంటికి తీసుకుపోతాను, ఒకటివ్వండి" అన్నారు. ఆరోజు నుంచి బయటి గదిలో కూడా నూలు గుడ్డ బంద్.

నాయనకు ఫోన్లో చెప్పడానికి భయపడ్డాను. చెప్పాక ఆయన అన్నది ఇదీ: "నూలుకు నూగు లేకుంటే అది నూలెట్ల అవుతాది? గుండు గీసుకున్న గుడ్డ కావాలంటే ముందే సెప్పొద్దా." తర్వాత మా ఇంట్లో ఎవరైనా దేన్నైనా అతిగా తుడిస్తే, గుండు గీస్తున్నావా అనడం అలవాటైంది.

సుజాత చక్లీలు

ఇక అసలు విషయం.

సుజాతది తెనాలి. మా విభాగంలోకి వచ్చేనాటికి చిన్న వయసు. మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. అంతకు ముందు మేం వాడిన చక్లీలు కొన్ని లక్షల ఊపులకే చిట్లేవి. ఆమె కోతల ఆకారం మార్చింది. కొత్తవి చిట్లలేదు. నెలల తరబడి ఊగించాం, చిట్లలేదు.

యంత్రంలో ముషలకాలు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి కుడికి పోతే ఇంకోటి ఎడమకు పోతుంది, రెండూ ఒకేసారి కలుస్తాయి, ఒకేసారి విడిపోతాయి. ఒకదాని తోపును ఇంకొకటి కొట్టేయాలి. చక్లీలన్నీ ఒకేలా ఉంటే వణుకు మిగలదు. మాకు మిగిలింది. సెకనుకు యాభై ఊపుల దగ్గర, గ్రాఫులో ఒక ముల్లు, నిటారుగా. మా యంత్రం తిరిగేది సెకనుకు యాభై సార్లే, కాబట్టి అది మా యంత్రం వణుకే. ఎవరికీ అనుమానం రాలేదు.

"చక్లీలు ఒకదానికొకటి సరిపోవడం లేదు" అన్నారు శ్రీపాదరావు గారు.

సుజాత చక్లీలు మార్చింది. ముల్లు అట్లాగే ఉంది. ఒక్కోదాన్ని తూచి, కొలిచి, జతలు కట్టింది. అట్లాగే ఉంది. ముషలకాలకు పంపే కరెంటును సవరించి చూసింది. కొంచెం తగ్గినట్టే తగ్గి మర్నాడు మళ్లీ లేచింది. వేసవి అంతా అదే పని. మధ్యాహ్నం క్యాంటీన్లో ఆమె ముందు ఎవరైనా నిజం చక్లీ తింటే లేచి వెళ్లిపోయేది.

సెన్సారు చేసేవాళ్లు వేరే భవనంలో ఉండేవాళ్లు. వాళ్లకు వణుకు పనికిరాదు. బయటి దేశం నుంచి యంత్రం కొనేద్దామని వాళ్లు గట్టిగా అడిగారు. ఒక మీటింగులో పెద్దాయన అందరి ముందూ అన్నారు, "సుజాత గారూ, మీ చక్లీ చిట్లదు, నిజమే. కానీ అదురుతోంది. వచ్చే కమిటీలో బయటి యంత్రానికే ఓటేస్తాను. మీరు వేరే పని చూసుకోవాల్సి ఉంటుంది."

ఆమె, "సరే సార్" అంది. మీటింగు అయ్యాక బల్ల దగ్గరికి పోయి మళ్లీ అవే చక్లీలు తూస్తూ కూర్చుంది.

శ్రీపాదరావు గారు మంచి మనిషి. ఆయనలో ఒక్క లోపం, గ్రాఫు చెబితే నమ్మేవారు. గ్రాఫు కూడా ఎవరో ఒకరు చెప్పిన మాటే కదా, తీగలు చెప్పిన మాట. ఆ సంగతి అప్పటికి నాకూ తట్టలేదు.

రసూల్ షాపు ఓపెనింగ్

కమిటీకి వారం ముందు ఆదోని వచ్చాను. ఇంటర్లో నా పక్కన కూర్చున్న రసూల్ మార్కెట్ యార్డు దగ్గర కొత్త షాపు తెరుస్తున్నాడు. వాళ్లది మైకుసెట్టు వ్యాపారం. పెళ్లి అయినా, మీటింగు అయినా, ఆదోనిలో గొంతు పెంచాలంటే రసూల్ దగ్గరికే రావాలి.

షాపు ముందు రెండు పెద్ద స్పీకర్లు పెట్టి సన్నాయి వేశాడు. సన్నాయి వెనకాల గుయ్‌మని ఒకటే మోత. తుమ్మెద ఒకటి స్పీకర్లో ఇరుక్కున్నట్టు.

"రసూలూ, నీ సొంత షాపుకే ఇట్లాంటి సెట్టు పెట్టినావా?" అన్నాను.

"సెట్టు ఎ వన్ భద్రా. నీ సెవులు బెంగుళూరు పోయి సెడిపోయినాయి."

"ఆ గుయ్ ఏంది మరి?"

"ఏ గుయ్? నాకేం వినపల్లేదే." ముప్పై ఏళ్లుగా వింటున్నాడు, ఇంకెట్లా వినపడుతుంది.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. పక్క కూల్‌డ్రింకు షాపాయన ప్రభుత్వాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. రసూల్ సెట్టుకు కింద కారు బ్యాటరీ తగిలించి ఉంటుంది, కరెంటు పోతే అదే అందుకుంటుంది. సన్నాయి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

గుయ్ ఆగింది.

సన్నాయి ఒక్కటే, కడిగినట్టు వినిపిస్తోంది. నేను చేతిలో షర్బత్ గ్లాసుతో అట్లాగే నిలబడిపోయాను. గుయ్ పాటలో లేదు. స్పీకర్లో లేదు. గోడలో ఉంది. గోడ నుంచి వచ్చే కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. మన దేశంలో ప్రతి ఇంటి గోడలో ఊగే లెక్క అదే. మా యంత్రం తిరిగే లెక్కా అదే.

"ఏమైంది భద్రా, షర్బత్తులో ఏమన్నా పడిందా?"

"రసూలూ, కరెంటు వస్తే మళ్లీ గుయ్ అంటాదా?"

"అంటాది. కరెంటును బ్యాటరీ లెక్క మార్చే ఎలిమినేటరుది అది. అందరి సెట్లూ అంటాయి." తర్వాత అనుమానంగా చూశాడు. "ఇంతకు ముందు వినపల్లేదన్నాను గదా. అది వ్యాపారం మాట."

పావుగంటకు కరెంటు వచ్చింది. గుయ్ కూడా వచ్చింది. వీధిలో అందరూ సంతోషంగా లోపలికి పోయారు. నేను బెంగళూరు రైలు కోసం స్టేషనుకు పోయాను. భోజనం చేయకుండా పోయానని రసూల్ ఇప్పటికీ అంటాడు.

గోడను ఆపడం

మర్నాడు ల్యాబులో సుజాతకు చెబితే ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది మొదట్లోనే చూశాం కదండీ. యంత్రం ఆపితే ముల్లు పోతోంది. గోడ నుంచి వచ్చేదైతే యంత్రం ఆపినా ఉండాలి."

సరైన మాటే. మమ్మల్ని ఇన్నాళ్లూ మోసం చేసింది కూడా ఆ సరైన మాటే. యంత్రం ఆపినప్పుడు మేం ఇంకొకటి కూడా ఆపుతున్నాం. యంత్రానికి కరెంటిచ్చే పెట్టె. ఉపగ్రహంలో యంత్రం బ్యాటరీ కరెంటు మీద నడుస్తుంది, ల్యాబులో గోడ కరెంటును అట్లా మార్చి ఇచ్చేది ఆ పెట్టె. రసూల్ ఎలిమినేటరు లాంటిదే, కాస్త ఖరీదైనది. అది ఆన్‌లో ఉన్నప్పుడు గోడ ఊపు దాని గుండా వచ్చి కొలిచే తీగల్లో చేరుతోందేమో. చూడాలంటే యంత్రం ఆగకూడదు, పెట్టె ఆగాలి.

"బ్యాటరీ మీద నడిపిద్దాం" అన్నాను.

"బ్యాటరీలు ఎక్కడున్నాయండీ?"

కిందకు చూశాను. కార్ పార్కింగులో ఆఫీసు జీపులు రెండు ఉన్నాయి.

పెద్దాయన గదికి పోయి అడిగాం. ఆయన మొదట నా వంక, తర్వాత ఆమె వంక చూశారు. "కమిటీ సోమవారం. బయటి యంత్రం కొనాలని కాగితం రాసి పెట్టాను. ఇప్పుడు జీపు బ్యాటరీలా?" అన్నారు. తర్వాత, "డ్రైవర్లను మీరే ఒప్పించుకోండి" అన్నారు. ఒప్పించడం కష్టమైంది. వాళ్లలో మునియప్ప అనే ఆయన బ్యాటరీని మాకు వదలకుండా, దాంతో పాటే ల్యాబులోకి వచ్చి చివరిదాకా దాని పక్కనే నిలబడ్డాడు.

గోడ ప్లగ్గు పీకి, రెండు బ్యాటరీలు కలిపి, యంత్రం ఆన్ చేశాం. తెర మీద గ్రాఫు నెమ్మదిగా గీసుకుంటూ వచ్చింది. పది, ఇరవై, ముప్పై, నలభై. యాభై దగ్గర చిన్న గింజంత ఎత్తు లేచి, దాటి పోయింది.

సుజాత, "గోడకు పెట్టండి" అంది. పెట్టాం. ముల్లు లేచింది. "బ్యాటరీకి పెట్టండి." పడింది. "మళ్లీ గోడకు." లేచింది. అట్లా మధ్యాహ్నం దాకా చేయించింది. మునియప్ప తన బ్యాటరీ దిగిపోతోందని గొణుగుతూనే ఉన్నాడు.

చివరికి ఆమె స్టూలు మీద కూర్చుంది. "అయితే వేసవి అంతా నేను సరిచేసింది గోడనా?" అంది. ముందు మునియప్ప నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

శ్రీపాదరావు గారు అది తనే వచ్చి చూశారు. సాయంత్రం మళ్లీ మీటింగు పిలిచారు. ఏ గదిలో, ఎవరెవరి ముందు ఆమె చక్లీని తప్పుపట్టారో, అదే గదిలో, వాళ్లందరి ముందే అన్నారు: "సుజాత గారూ, అనుమానించాల్సింది మా ప్లగ్గును, మీ చక్లీని కాదు. నాది తొందరపాటు." పొరపాటు చేయని పెద్దలను నేను చూడలేదు. చేసిన చోటే దిద్దుకున్న పెద్దలను కూడా ఎక్కువమందిని చూడలేదు. మీకు అలాంటి ఒకరు దొరికితే, ఆయన తెప్పించిన విసుగంతా క్షమించేయండి.

అంతటితో సెన్సారు వాళ్లు ఒప్పుకోలేదు. "కొలతలో గుయ్ కలిసిందంటున్నారు, సరే. ఆ గింజంత మిగిలింది మీదో, గోడదో ఎట్లా తెలుసు?" అన్నారు. అదీ నిజమే. అందుకని మా యంత్రం ఊపునే మార్చాం. యాభై వదిలేసి నలభై ఏడు దగ్గర తిప్పాం. ఇప్పుడు గోడది యాభై దగ్గర, మాది నలభై ఏడు దగ్గర, ఎవరి ముల్లు వారిది. మాది చిన్నది. వాళ్లు తలూపారు, కానీ పూర్తిగా కాదు. "పైకి పోయాక బొమ్మ చెబుతుంది" అన్నారు. ఆ మాట సుజాత మరిచిపోలేదు.

రోజూ పొద్దన్నే పోయి

పెద్దకడుబూరు అమ్మాయికి ఇప్పుడు చెప్తాను. రోజూ పొద్దన్నే పోయి, ఆ యంత్రం ఇంకా తిరుగుతోందా లేదా అని చూస్తాం. పనిలో ఎక్కువ భాగం ఇదే. గ్యాసు నింపే ముందు లోపలున్న తేమ అంతా పోవాలని రోజుల తరబడి వేడి చేసి గాలి లాగేస్తాం. ఒక చుక్క తేమ మిగిలినా లోపల మంచు కట్టి దారి మూసేస్తుంది. నింపాక సీలు వేస్తాం. ఆ తర్వాత తెరవడానికి లేదు. మూసిన డబ్బా ముందు కూర్చుని, లోపల ఏమవుతోందో బయటి నుంచి ఊహించాలి. ఓపిక లేనివాళ్లకు ఈ పని వద్దు. ఏదో ఒకటి విప్పి చూడాలని చేతులు దురద పెట్టేవాళ్లకు అసలే వద్దు.

ఇంకొకటి. కొలిచే తీగను కూడా కొలవండి. మీ యంత్రం మంచిదని ఎంత నమ్మకమో, చెడ్డదని చెప్పే మీటరు మీద అంతే అనుమానం ఉండాలి. మీటరు మెచ్చుకున్నప్పుడు కూడా ఆ అనుమానం ఉండాలి, అది ఇంకా కష్టం.

మన వైపు నుంచి వచ్చామని ఇంగ్లిషు గురించి భయపడొద్దు. నేను మొదటి మీటింగులో నోరు తెరవలేదు, రెండోదాంట్లోనూ తెరవలేదు. గ్రాఫు గీసిచ్చాను. గ్రాఫుకు యాస లేదు.

బొమ్మ

ఇంతవరకు రాసి, ఇక ఇంట్లో కూర్చోలేక ఈ రోజు ఆదోని బస్సెక్కాను. రసూల్ షాపులో కూర్చుని, యంత్రం చల్లబడిన సంగతి చెప్పాను.

"అంటే నీ ఫ్రిజ్జు పన్జేస్తాంది" అన్నాడు.

"ఫ్రిజ్జు కాదు రసూలూ."

"సల్లగయితాంది గదా? గ్యాసు ఉంది గదా? మళ్లా ఏందప్పా నీ తకరారు?"

టీ తాగుతుంటే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. పక్క షాపులో తిట్లు మొదలయ్యాయి. అప్పుడే ఫోన్ మోగింది. సుజాత.

"బొమ్మ వచ్చిందండీ" అంది. "సముద్రం ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలవుతుందో, ఆ అంచు గీత గీసినట్టుందండీ. ఎక్కడా చెదరలేదు. సెన్సారు వాళ్లు ఇప్పుడే వచ్చి చూసి వెళ్లారు. ఈసారి పూర్తిగా తలూపారు."

"చక్లీలు?"

"అదరలేదండీ," అంది. "అక్కడ గోడలు కూడా లేవు కదా." ఈసారి సంతోషం సగం కాదు, మొత్తం వినిపించింది.

ఫోన్ పెట్టేసి రసూల్‌కు చెప్పాను. గుయ్ దగ్గర నుంచి గోడ దాకా, జీపు బ్యాటరీల దాకా, ఆ రోజు భోజనం చేయకుండా ఎందుకు పోయానో అంతా చెప్పాను. అతను మెల్లగా టీ గ్లాసు పెట్టేశాడు.

"అంటే ఆ యమ్మ నౌకరీ నా షాపు గుయ్‌తో నిలబడిందా?"

"నీ గుయ్ ఆగబట్టి నిలబడింది."

"ఇంత సంగతి నాకొక్కనికే సెప్తే ఎట్ల? ఊరికి సెప్పు." బల్ల కింద నుంచి మైకు తీసి నా చేతిలో పెట్టి, బ్యాటరీ మీద సెట్టు ఆన్ చేశాడు. బయట స్పీకర్లు టప్‌మన్నాయి. గుయ్ లేదు. వీధిలో వాళ్లు స్పీకర్ల వైపు తిరిగారు. ఎన్నో మీటింగుల్లో మాట్లాడినవాణ్ని, ఆదోనిలో మైకు పట్టుకుంటే మనసులో ఉన్నదే నోటికొచ్చింది.

"అందరికీ నమస్కారం. సుజాత గారి చక్లీలు చాలా బాగొచ్చినాయి."

మైకు ఇచ్చేశాను. కాసేపటికి ఒక ఆటో షాపు ముందు ఆగింది. డ్రైవరు లోపలికి తొంగి చూశాడు. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లు సంచులతో కూర్చుని ఉన్నారు.

"అన్నా, ఆ చక్లీలు యాడ అమ్ముతాండారు? వీళ్లకు గావాలంట."

రసూల్ ఏమీ తడుముకోలేదు. వేలు పైకి చూపించాడు.

"ఆడ."